బండి బరువు వేరు, తోసే బరువు వేరు

నలభై కిలోల బస్తా ఎత్తమనే ముందు ఎంత మొరటు మేస్త్రీ అయినా ఒకసారి మనిషి వంక చూస్తాడు. నాలుగు వందల కిలోల ట్రాలీని గోడౌన్ ఆ చివర నుంచి ఈ చివరకు తోసుకురమ్మనేటప్పుడు మాత్రం ఎవరూ అలా చూడరు. చక్రాలున్నాయి కదా, దానంతట అదే వస్తుందన్న ధీమా. అందులో సగం నిజమే. చక్రాల మీదికి ఎక్కాక బరువును నేల మోస్తుంది, మనిషి మోయక్కర్లేదు. కదిలించే బలం మాత్రం మనిషి ఒంట్లోంచే రావాలి. అది ఎంత కావాలన్నది సరుకు ఒక్కటే తేల్చదు. బండి కింది చక్రం, చక్రం కింది నేల తేలుస్తాయి. అందుకే నున్నటి నేల మీద నాలుగు వందల కిలోలు సులువుగా వచ్చేస్తాయి, పగిలిన నాపరాళ్ల మీద వంద కిలోలు కూడా మొండికేస్తాయి.

చట్టాల చూపు కూడా చాలావరకు ఎత్తే బరువు దగ్గరే ఆగిపోయింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో తెచ్చిన 127వ ఒడంబడిక బరువుల మోత గురించి. మోత అంటే బరువంతా ఒక్క కార్మికుడి మీదే పడేదని అందులో నిర్వచనం. అంటే తోపుడు బండి దాని పరిధిలోకే రాదు. దానికి తోడుగా వచ్చిన 128వ సిఫార్సులో మగవారికి 55 కిలోల హద్దు ఉంది, అదీ మోతకే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లో ఎత్తడం, మోయడంతో పాటు కదిలించడం అనే మాట కూడా ఉండేది. గాయమయ్యేంత బరువు పని చెప్పకూడదనేదా సెక్షన్. దాన్ని పట్టుకుని రాష్ట్రాలు రాసుకున్న పట్టికలు మాత్రం కిలోల బరువులే చెప్పాయి. అమెరికాలో పనిచోటు భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం అన్నీ అనుకూలంగా ఉన్నచోట 23 కిలోల దగ్గర లెక్క మొదలుపెడుతుంది. అది ఎత్తడానికీ దించడానికీ మాత్రమే, తోయడానికి పనికిరాదు. తోసే పనికి ప్రత్యేకంగా అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11228 రెండో భాగం వచ్చేసరికి 2007 అయింది.

తోసే పనిలో కొలవాల్సింది బలం. దాన్నీ కిలోల్లోనే చెప్పుకోవచ్చు. పది కిలోల బలం అంటే పది కిలోల వస్తువును చేత్తో వేలాడదీసి పట్టుకుంటే ఎంత లాగుతుందో అంత. కొలవడం పెద్ద విద్యేమీ కాదు. కొక్కెం ఉన్న స్ప్రింగ్ కాటా ఒకటి చాలు. కొక్కేన్ని ట్రాలీ పిడికి తగిలించి, నేలకు సమాంతరంగా, నిదానంగా లాగాలి. బండి కదిలిన క్షణంలో ముల్లు ఎక్కడికి వెళ్లిందో చూడాలి, నడక అందుకున్నాక ఎక్కడ నిలిచిందో మళ్లీ చూడాలి. ఈ రెండు అంకెలూ వేరు. రెండోది చాలాసార్లు మొదటిదాంట్లో సగం కూడా ఉండదు. సూట్‌కేసులు తూచే డిజిటల్ కాటాలు కొన్ని ఒక అంకె దగ్గర లాకైపోతాయి కాబట్టి ఈ పనికి ముల్లు కాటాయే మేలు.

బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ ఈ రెండు అంకెలకూ విడివిడిగా హద్దులు సూచించింది. బండిని కదిలించడానికి లేదా ఆపడానికి మగవారికి 20 కిలోల బలం, ఆడవారికి 15. కదిలాక నడిపించడానికి మగవారికి 10, ఆడవారికి 7. ఇవి దాటితే వెంటనే నడుం పడిపోతుందని కాదు. దాటితే ఆ పనిని వివరంగా పరిశీలించకుండా వదలకూడదని. అదే సంస్థ మరో మోటు లెక్క కూడా చెబుతుంది. చదునైన గట్టి నేల, బాగా చూసుకుంటున్న చక్రాలు ఉంటే మొత్తం బరువులో కనీసం 2 శాతం బలం కావాలి. నేల మెత్తగానో ఎగుడుదిగుడుగానో ఉంటే అది 10 శాతం దాకా పోవచ్చు. నాలుగు వందల కిలోల ట్రాలీకి ఒకచోట 8 కిలోలు, మరోచోట 40. మారింది నేల ఒక్కటే.

ఈ 2 శాతం లెక్కతో గోడౌన్లలో సరుకు పేర్చిన చెక్కబల్ల కింద ఫోర్కులు దూర్చి ఎత్తి, చేత్తో లాగే ప్యాలెట్ ట్రక్‌ను చూస్తే ఒక తమాషా బయటపడుతుంది. దాని మీద సామర్థ్యం 2,000 కిలోలనో 2,500 కిలోలనో రాసి ఉంటుంది. సూపర్‌వైజరు ఆ అంకె చూసి, ఇంకా ఖాళీ ఉందిగా అని మరో రెండు వరసలు వేయిస్తాడు. 2,500 కిలోల్లో 2 శాతం 50 కిలోలు. అద్దంలాంటి నేల మీద, కొత్త చక్రాలతో కూడా ఒక్క మనిషికి సూచించిన హద్దుకు ఎంతో పైన. యంత్రం మీద రాసిన సామర్థ్యం ఫోర్కులు వంగకుండా, హైడ్రాలిక్ పంపు కారకుండా ఎంత మోయగలదన్న హామీ. దాన్ని లాగే మనిషి గురించి ఆ రేకు మీద ఒక్క ముక్క ఉండదు. కానీ పని జరిగేచోట అదే మనిషి హద్దు కూడా అయి కూర్చుంటుంది.

కదిలించేటప్పుడు బలం ఎందుకు అంత ఎక్కువ కావాలి? నిలిచి ఉన్న బరువును వేగంలోకి తేవాలి, అదొకటి. చాలాసేపు ఒకేచోట నిలిచిన మెత్తటి రబ్బరు చక్రం అడుగున కొంచెం చపటగా నొక్కుకుపోతుంది, అదొకటి. అన్నిటికంటే చిరాకైనది తిరిగే చక్రాల తీరు. ట్రాలీల కింద అన్ని దిక్కులకూ తిరిగే క్యాస్టర్ చక్రాలు బండి వెళ్లే దిక్కుకు వెనకగా సర్దుకుంటాయి. బండిని వెనక్కి లాగి ఓ మూల నిలిపి, మళ్లీ ముందుకు తొయ్యబోతే చక్రాలన్నీ ఎదురు దిక్కుకు ఉంటాయి. అవి గిర్రున తిరిగి సర్దుకునే వరకు బండి పక్కకు ఈడుస్తుంది, మనిషి నడుము మెలిపడుతుంది. ట్రాలీని నిలిపే ముందే ఓ అడుగు ముందుకు తోసి ఆపితే, మళ్లీ తీసేటప్పుడు ఈ పెనుగులాట ఉండదు. అనుభవమున్న హమాలీలకు ఇది చెప్పక్కర్లేదు.

ఇరుకు సందులున్న గోడౌన్‌లోనో, మంచాల మధ్య మెలికలు తిరగాల్సిన వార్డులోనో దూరం తక్కువే అయినా మాటిమాటికీ ఆపడం, మళ్లీ కదిలించడం తప్పదు. వంద మీటర్లు తిన్నగా వెళ్లే బండి కంటే ఇరవై మీటర్లలో పదిసార్లు ఆగే బండి ఒంటిని ఎక్కువ అలిసేలా చేయగలదు.

ఇక చక్రం. ఆసుపత్రి స్ట్రెచర్‌ను దగ్గరగా చూస్తే దీని కథంతా అర్థమవుతుంది. స్ట్రెచర్, రోగి, పరుపు, పక్కన ఆక్సిజన్ సిలిండర్ కలిపి 160 కిలోలనుకుందాం. నాలుగు చక్రాలు, ఒక్కోదాని మీద 40 కిలోలు. నాలుగూ చక్కగా దొర్లితే 2 శాతం లెక్కన మూడు కిలోల పైచిలుకు బలంతో నడుస్తుంది, ఒక చేత్తో తోసేయొచ్చు. వార్డుల్లో రాలిన వెంట్రుకలు, కట్లు విప్పిన నూలు పోగులు, ప్లాస్టర్ ముక్కలు నేల మీది నుంచి ఇరుసుకు చుట్టుకుంటాయి. నెలల తరబడి ఎవరూ తియ్యరు. ఒకరోజు నాలుగింటిలో ఒక చక్రం తిరగడం మానేస్తుంది. అది ఇక దొర్లదు, నేల మీద రాసుకుంటూ ఈడుస్తుంది. రబ్బరుకూ నేలకూ మధ్య ఒరిపిడి చక్రం మీది బరువులో సగం అనుకున్నా, ఆ ఒక్క చక్రానికే 20 కిలోల బలం కావాలి. మూడు కిలోల పని 22 కిలోలైంది. పైగా ఆ చక్రం ఒక పక్కనే ఉంటుంది కాబట్టి స్ట్రెచర్ అటువైపు తిరిగిపోతుంటుంది. దాన్ని తిన్నగా ఉంచడానికి ఒక భుజం ఎక్కువ తొయ్యాలి, నడుము మెలి తిప్పి నడవాలి. షిఫ్టంతా ఇలా తోసిన వార్డు బాయ్ భుజం నొప్పికి అసలు కారణం మూరెడు నూలు పోగు కావచ్చు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్ట్రెచర్‌ను రోగి బంధువులే తోసుకెళ్లడం మామూలు. వాళ్లకైతే ఏ స్ట్రెచర్ చక్రం పట్టేసిందో తెలిసే వీలే లేదు.

చక్రం ఎంత పెద్దదన్నది గడప దగ్గర తేలుతుంది. లిఫ్టు తలుపు దగ్గర, గది గుమ్మం దగ్గర, రెండు టైల్స్ కలిసేచోట ఒక సెంటీమీటరు ఎత్తు మామూలే. చక్రాన్ని పరుగుతో కాకుండా నిదానంగా ఆ ఎత్తు ఎక్కించడానికి ఎంత బలం కావాలో హైస్కూలు లెక్కతోనే కట్టొచ్చు. పది సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రమైతే దాని మీది బరువులో 75 శాతం బలం కావాలి. ఇరవై సెంటీమీటర్లదైతే 48 శాతం. సైకిల్ చక్రంలా డెబ్బై సెంటీమీటర్లదైతే 24 శాతం. స్ట్రెచర్ ముందు రెండు చక్రాల మీద 80 కిలోలుంటే, చిన్న చక్రాలతో ఆ సెంటీమీటరు గడపకు 60 కిలోల తోపు కావాలి. ఒక్కరు తొయ్యలేరు. అందుకే రెండడుగులు వెనక్కి లాగి, ఊపుతో గుద్దిస్తారు. పని అవుతుంది. ఆ కుదుపు మణికట్టుకూ భుజానికీ తగులుతుంది, స్ట్రెచర్ మీద విరిగిన కాలుతో ఉన్న మనిషికి ఇంకా గట్టిగా తగులుతుంది. గడపకు ఇరువైపులా సిమెంటుతో చిన్న వాలు పోస్తే తీరే సమస్య ఇది.

పెద్ద చక్రం వాడమంటే సరిపోదా? కొంతవరకే. కూరగాయల తోపుడు బండి ఇక్కడ మంచి ఉదాహరణ. దానికి సైకిల్ చక్రాల్లాంటి పెద్ద చక్రాలు, గాలి టైర్లు. గుంతల రోడ్డు, మ్యాన్‌హోల్ మూత, రోడ్డు పక్క మట్టి, వేటికీ అది పెద్దగా ఆగదు. రాత్రికి వీధి చివర నిలిపినా ఎవరూ ఎత్తుకుపోలేనంత గట్టి కట్టు. మన రోడ్లను చూసి తయారుచేసుకున్న బండి అది, ఏ డిజైన్ కాలేజీ నుంచీ వచ్చింది కాదు. లోపాలూ ఉన్నాయి. చాలా బండ్లకు నాలుగు చక్రాలూ తిరగని ఇరుసుల మీదే ఉంటాయి. మలుపు దగ్గర బండిని వెనక నుంచి కాస్త ఎత్తి పక్కకు ఈడ్చాలి. రెండు వందల కిలోల బండిని రోజుకు అలా ఎన్నిసార్లు ఈడుస్తారో ఏ పట్టికలోనూ ఉండదు. బ్రేకు ఉండదు, చక్రం కింద రాయి పెట్టడమే బ్రేకు. టైర్లలో గాలి తగ్గితే దొర్లడానికి కావలసిన బలం బాగా పెరుగుతుంది. రుణ పథకాలు సరుకు పెట్టుబడికి డబ్బిస్తాయి కానీ, బండి ముందు ఇరుసు తిరిగేలా చేయించుకోవడం గురించి ఎవరూ మాట్లాడరు.

వాలు దగ్గర మాత్రం ఏ చక్రమూ, ఏ గ్రీజూ పనిచేయవు. భూమి లాగే లాగుడును బేరింగు తగ్గించలేదు. నాలుగు వందల కిలోల బండిని మూడు డిగ్రీల వాలు, అంటే ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే వాలు ఎక్కించాలంటే, దొర్లించే బలానికి అదనంగా 21 కిలోలు కావాలి. ఎనిమిది డిగ్రీలైతే 56. కంటికి మూడు డిగ్రీల వాలు వాలులాగే కనిపించదు, వాన నీళ్లు పారితే తెలుస్తుంది. చక్రాల కుర్చీలు వెళ్లగలిగే కట్టడాలకు మన దేశంలో చెప్పే వాలు 1:12. ఆ ర్యాంపు మీద 150 కిలోల స్ట్రెచర్‌కు వాలు వల్లే పన్నెండున్నర కిలోలు, దొర్లడానికి మరో మూడు. పది కిలోల హద్దుతో పోలిస్తే ఒక్కరి పని కాదు, ఇద్దరు ఉండాలి. ర్యాంపు 1:8 వాలుతో ఉంటే వాలు వల్లే 19 కిలోలు అవుతుంది. దిగేటప్పుడు తొయ్యక్కర్లేదని తేలిగ్గా తీసుకుంటారు కానీ, అక్కడ బలమంతా వెనక్కి పట్టి ఉంచడానికి పోతుంది. చెయ్యి జారితే ఆగేది గోడ దగ్గరే. పైకి వెళ్లేటప్పుడు రోగి తల ముందు, దిగేటప్పుడు పాదాలు ముందు ఉండాలని నర్సింగ్‌లో నేర్పేది ఎందుకంటే, ఎటు వెళ్లినా తల ఎత్తున ఉండాలని.

మహారాష్ట్రలోని మాథేరాన్ కొండ మీద మనుషులు లాగే రిక్షాలను ఆపేయాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు మాట్లాడింది మానవ గౌరవం గురించి. కొండ వాలు లెక్క వేసినా తీర్పు వేరుగా రాదు.

మనిషి ఒంటి దాకా వస్తే, తోయడమా లాగడమా అన్నది పాత చర్చ. రెండింటికీ అవకాశముంటే తోయడమే మేలు. తోసేటప్పుడు మనిషి ముందుకు వాలి ఒంటి బరువునే పనిలో పెట్టొచ్చు, దారి కళ్ల ముందు ఉంటుంది. లాగేటప్పుడు వెన్ను వెంట ఉన్న కండరాలు గట్టిగా బిగుసుకోవాలి. పైగా ఎవరూ వెనక్కి నడుస్తూ రోజంతా లాగరు. ఒక చెయ్యి వెనక్కి చాపి, మొహం ముందుకు పెట్టి లాగుతారు. భుజం వెనక్కి సాగుతుంది, నడుము మెలిపడుతుంది, ఆగినప్పుడు ట్రాలీ వచ్చి మడమకు కొడుతుంది. అయినా జనం ఎందుకు లాగుతారంటే, అట్టపెట్టెలు తలకంటే ఎత్తు పేర్చాక ముందేముందో కనపడదు కాబట్టి. పేర్చే ఎత్తు కళ్ల కిందికి తెస్తే సగం లాగుడు దానంతట అదే మానుతుంది. లాగడమే సరైన చోట్లూ ఉన్నాయి. రెండు చక్రాల ట్రాలీని మెట్లెక్కించేటప్పుడు, చక్రాల కుర్చీని పెద్ద చక్రాల వైపు నుంచి గట్టు ఎక్కించేటప్పుడు వెనక్కి లాగడమే సులువు.

తోయడం వెన్నుకు హాని లేనిదని కూడా అనుకోకూడదు. బరువెత్తినప్పుడు వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి నొక్కుకుంటాయి. తోసినప్పుడు ఆ నొక్కుడు తక్కువే కానీ, ఒక పూస మరోదాని మీద జారేలా అడ్డంగా పడే ఒత్తిడి పెరుగుతుంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు క్నాపిక్, మారస్ 2009లో ప్రచురించిన అధ్యయనం దృష్టి పెట్టింది ఈ అడ్డపు ఒత్తిడి మీదే. నెదర్లాండ్స్‌లో హోజెమాన్స్ బృందం ఇలాంటి పనివాళ్లను పరిశీలించినప్పుడు, తోయడం లాగడంతో భుజం నొప్పుల సంబంధం నడుము నొప్పుల సంబంధం కంటే స్పష్టంగా కనిపించింది. తోసే పనుల దగ్గర నడుము గురించే అడిగి భుజాన్ని వదిలేసే వైద్య పరీక్షలు అసలు ఇబ్బందిని చూడకుండా పోతున్నట్టే.

పిడి ఎత్తు నడుముకూ ఛాతీకీ మధ్య ఉండాలి. మరీ కిందుంటే వంగి తొయ్యాలి, మరీ పైనుంటే చేతుల్లో బలం ఉండదు. అడ్డంగా ఒకే కడ్డీ కంటే నిలువుగా రెండు పిడులుంటే పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ ఎవరికి అందిన చోట వాళ్లు పట్టుకోవచ్చు. ఆయాలు, పారిశుద్ధ్య కార్మికుల్లో ఆడవాళ్లు ఎక్కువ. వాళ్లు తోసే బండ్ల పిడులు మాత్రం సాధారణంగా ఎవరి ఎత్తునూ చూసి పెట్టినవి కావు.

పాదం సంగతి అందరూ మరిచేదే. చేతులు ఎంత బలంగా తోసినా ఆ బలానికి ఎదురు నిలవాల్సింది నేల మీది పాదమే. అరవై కిలోల మనిషి, తడిసిన టైల్స్ మీద అరిగిన హవాయి చెప్పులతో ఉంటే ఒరిపిడి ఒంటి బరువులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. 0.3 అనుకుంటే 18 కిలోలు దాటి తొయ్యలేడు, కాలు జారుతుంది. అప్పుడే తడిగుడ్డ పెట్టిన కారిడార్‌లో స్ట్రెచర్ తొయ్యడమంటే ఇదే. ఒంటి బరువు తక్కువున్న మనిషికి ఈ హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

ఇంత చెప్పాక శిక్షణ ఇస్తే సరిపోదా అని యాజమాన్యాలు అడుగుతాయి. వంగవద్దు, మోకాళ్లు మడవండి అని గోడకు పోస్టరు అంటించడం చవక. అమెరికా బీమా సంస్థ లిబర్టీ మ్యూచువల్‌లో పనిచేసిన స్టోవర్ స్నూక్ తన సహచరులతో 1978లో ఈ ప్రశ్ననే పరీక్షించాడు. మనుషులను ఏరి పెట్టుకోవడం, ఎత్తడంలో శిక్షణ ఇవ్వడం, పనినే మార్చడం, ఈ మూడింటిలో నడుము గాయాలను తగ్గించేది ఏది? మొదటి రెండింటి వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పనిని మనిషికి తగ్గట్టు మారిస్తే మూడో వంతు వరకు గాయాలు తగ్గించవచ్చని తేలింది. తర్వాత స్నూక్, విన్సెంట్ సిరియెల్లో 1991లో ప్రచురించిన పట్టికలే నేటికీ తోసే పనులకు ఎక్కువగా వాడే ఆధారం. ప్రయోగంలో పాల్గొన్న పనివాళ్లే తమకు పట్టేంత వరకు బలాన్ని పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయారు. దూరం పెరిగేకొద్దీ, ఎన్నిసార్లు తోయాలన్నది పెరిగేకొద్దీ వాళ్లు ఒప్పుకున్న బలం పడిపోయింది. అవి అమెరికా పనివాళ్ల అంకెలన్న సంగతి ఇక్కడ వాడేటప్పుడు గుర్తుండాలి. అక్కడివారి సగటు ఒంటి బరువు మనకంటే ఎక్కువ.

నిర్ణయాలు జరిగేది తోసే మనిషికి చాలా దూరంలో. స్ట్రెచర్లకూ ట్రాలీలకూ టెండరు పిలిచేటప్పుడు ఉక్కు గ్రేడు, పైపు మందం, పౌడర్ కోటింగ్ అన్నీ రాస్తారు. చక్రం దగ్గరికొచ్చేసరికి ‘మంచి నాణ్యత గల క్యాస్టర్లు’ అని ముగిస్తారు. తక్కువ ధరకు కోట్ చెయ్యాలనుకున్న సరఫరాదారు మొదట తగ్గించేది అక్కడే. చక్రాల వ్యాసం 20 సెంటీమీటర్లకు తగ్గకూడదని, మూసి ఉన్న బేరింగులు ఉండాలని, 150 కిలోల బరువు వేసి చదునైన నేల మీద పెడితే ఇన్ని కిలోలకు మించని లాగుడుతో కదలాలని రాయడానికి అదనంగా మూడు లైన్లు పడతాయి. ఆ మూడో లైను సరుకు దిగినప్పుడు స్ప్రింగ్ కాటాతో పది నిమిషాల్లో పరీక్షించుకోవచ్చు. ఆరు నెలలకోసారి అదే కాటాతో అవే ట్రాలీలను మళ్లీ కొలిచి, అంకె పెరిగిన వాటిని చక్రాలు విప్పడానికి పక్కన పెట్టొచ్చు. ఆ అంకెకు ఒక గడి కావాలంటే మెయింటెనెన్స్ రిజిస్టరులో గీత గీయాలి, అంతే.